మంచు కప్పిన ఊబిలో ఆడజింక వెంట

స్వోర్డ్స్ నుంచి

ఐర్లండ్ వచ్చిన మన వాళ్ళందరిలాగే నేనూ సముద్రం అంచున కొండలు చూశాను, పాత కోటల ముందు ఫొటోలు దిగాను, వాన గురించి రోజూ సణుక్కున్నాను. డబ్లిన్ పక్కన స్వోర్డ్స్‌లో ఇల్లు, ఎయిర్‌పోర్టు పక్కనే ఆఫీసు, వారానికోసారి ఇండియన్ షాపు. ఇన్నేళ్ళుగా ఉంటున్నా ఈ దేశపు మట్టి నా కాలికి అంటిందని చెప్పలేను. మొన్న జనవరిలో మాత్రం తొడల దాకా అంటింది. వెళ్ళింది విక్లో కొండల్లోకి, జింకల వేటకి. ఈ మాట వినగానే మీ మొహం ఎలా మారిందో నాకు తెలుసు. మా ఆవిడ మొహమూ అలాగే మారింది.

"జింకా? నేనడగలేదు సుమా! రేపేమైనా అయితే అందరూ ఆడదాని మీదే తోస్తారు," అంది లలిత. అక్కడితో ఆగితే బాగుండేది. "గుడ్డు వాసనకే ముక్కు మూసుకునే మనిషి మీరు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" అని కూడా అంది.

నా చేత అడుసు తొక్కించింది ప్రభాకరన్న. మా వీధి చివర ఉంటాడు. బోమాంట్ ఆస్పత్రిలో మత్తు డాక్టరు, నిర్మల్ దగ్గర పల్లెలో పుట్టినవాడు. ఆయన కూతురు నిత్యకి పదిహేనేళ్ళు. ఇక్కడే పుట్టింది. తెలుగు ప్రతి ముక్కా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిషులో, అచ్చం డబ్లిన్ పిల్లల్లా ఇస్తుంది. దసరా వెళ్ళాక ఆ పిల్ల మాంసం మానేసింది. మానేసి ఊరుకుంటే గొడవే లేదు. టేబుల్ మీద కూర గిన్నెలో ముక్క కనిపిస్తే చాలు, తన పళ్ళెం తీసుకుని మేడ మీదకి వెళ్ళిపోతోంది. ఒకరోజు తండ్రి గట్టిగా నిలదీస్తే, "ఎవరో చంపి ప్లాస్టిక్‌లో చుట్టి ఇస్తే తింటావు. నువ్వే చంపాల్సి వస్తే తింటావా, నాన్నా?" అని అడిగిందట.

ఇంకో తండ్రయితే "పెద్ద మాటలు చాల్లే, అన్నం తిను" అనేవాడు. ప్రభాకరన్నతో వచ్చిన చిక్కే అది, ఆయన ఎవరడిగిన ప్రశ్నకైనా జవాబు చెప్పి తీరాలనుకుంటాడు. తుపాకీ శిక్షణకి వెళ్ళాడు, పరీక్ష రాశాడు, లైసెన్సు తెచ్చుకున్నాడు. ఇంట్లో తుపాకీ దాచే ఇనప బీరువా గోడకి గట్టిగా బిగించారో లేదో చూడటానికి గార్డ్స్, అంటే ఇక్కడి పోలీసులు, వచ్చి వెళ్తే, వాకిట్లో పోలీసు బండి చూసి తెలుగు ఆంటీలందరూ "ఏమైంది వదినా, అంతా క్షేమమేనా?" అని ఒకటే ఫోన్లు. వదిన వారం రోజులు ఇండియన్ షాపుకి కూడా పోలేదు.

చివరికి కూతురికి మాటిచ్చాడు. వాళ్ళ వంటింట్లో, నా ఎదురుగానే.

"ఒక్కటే బుల్లెట్ బిడ్డా. దానికి సప్పుడు గూడ ఇనవడది. తెల్వకుంటనే పోతది. గట్ల చెయ్యలేకపోతే నేను జన్మల మాంసం ముట్ట. ఏమైందో నువ్వు అడుగు, ఉన్నదున్నట్టు చెప్త."

నిత్య తన షరతు తనూ పెట్టింది. "దానికి తెలియకుండా పోతే నేను టేబుల్ దగ్గర కూర్చుంటాను. తినను, కూర్చుంటాను," అంది.

కూతురు మళ్ళీ పక్కన కూర్చుని అన్నం తినడం కోసం ఒక తండ్రి చేసిన ప్రయాణం ఇది. నడుం నొప్పి మనిషిని మంచులో ఒంటరిగా పంపనని వదిన పట్టుబట్టింది. వీధిలో సెలవులు మిగిలినవాడిని నేనొక్కడినే దొరికాను.

కొండ దారి

పై దారి మంచుతో మూసేశారని రేడియోలో చెప్తే చుట్టు తిరిగి వెళ్ళాం. మధ్యలో పొలం పనుల సామాన్లు అమ్మే దుకాణంలో ఆగి నేను రబ్బరు బూట్లు కొన్నాను. నలభై యూరోలు! ఆ డబ్బుతో మా తెనాలిలో ఇంటిల్లిపాదికీ చెప్పులు కొనొచ్చు. నా కొలత లేదంటే పై కొలత తీసుకున్నాను. "మందం సాక్సులు వేసుకోండి, గ్రాండ్‌గా ఉంటుంది," అంది కౌంటర్ దగ్గర పిల్ల. ఈ దేశంలో గ్రాండ్ అంటే గొప్పగా అని కాదు, ఏం ఫర్వాలేదని. అంత పెద్ద బూట్లతో ఫర్వాలేకపోవడం ఎలా ఉంటుందో మర్నాడు చూశాను.

కారులో నేను ఊరుకోలేక అడిగాను. "అన్నా, మన దగ్గర జింక మీద చెయ్యి వేస్తే జైల్లో వేస్తారు. ఇక్కడ వీళ్ళే లైసెన్సు ఇచ్చి మరీ ఆడజింకల్ని చంపమంటారేంటి?"

"మన దగ్గర పులులున్నయ్, చిరుతలున్నయ్. ఈడ తోడేళ్ళని ఎప్పుడో సంపుకున్నరు. ఇంక జింకల్ని తగ్గించేటోడు ఎవడు? నాటిన మొక్కనల్ల తింటయ్, రైతు గడ్డి తింటయ్, ఆఖరికి వాటికే మేత దొరకక చలికాలంల మాడి సస్తయ్. తోడేలు పని మనిషి మీద పడ్డది."

"మనిషి మీద పడ్డది సరే, మీ మీద ఎందుకు పడిందన్నా?"

"నువ్వు ఊకో," అన్నాడు. రేడియో చప్పుడు పెంచాడు.

డోనల్ ఇంట్లో

మేము దిగింది డోనల్ అనే గొర్రెల రైతు ఇంట్లో. అరవై దాటినవాడు, పొడుగ్గా, మాట తక్కువగా ఉంటాడు. ప్రభాకరన్నకి శిక్షణలో పరిచయమయ్యాడు. తన కొండ మీద కొత్తగా నాటిన చెట్లని జింకలు కొరికేస్తున్నాయని వేటకి పిలిచాడు. గదికి డబ్బులిస్తామంటే వాళ్ళావిడ ఐలీన్ చేతులతో తోసేసింది. "చలిలో ఇంత దూరం వచ్చారు, డబ్బేంటి?" అంది. ఈ మాట ఒక్కటి మన ఊళ్ళలో మాటలా వినిపించింది.

వాళ్ళ కుక్క ముందరి కాలికి కట్టుతో పొయ్యి ముందు పడుకుని ఉంది. ముళ్ళ తీగలో చీరుకుపోయి కుట్లు పడ్డాయట. ప్రభాకరన్న వంగి కట్టు చూసి, బాగానే మానుతోందన్నాడు. "దెబ్బ తిన్న జింకని వాసన పట్టి వెతికేది అదే," అన్నాడు డోనల్. "రేపు అది లేదు. కాబట్టి రేపు దెబ్బతినకూడదు ఏదీ." మామూలుగానే అన్నాడు గాని, ప్రభాకరన్న మొహం చూస్తే ఆ మాట ఆయన లోపల ఎక్కడో దిగినట్టు తెలిసింది.

నేను శాకాహారినని ముందే చెప్పడంతో ఐలీన్ నాకోసం ప్రత్యేకంగా వండింది. పళ్ళెంలో ఉడికించిన బంగాళాదుంప, క్యాబేజీతో మెదిపిన బంగాళాదుంప, వేయించిన బంగాళాదుంప. ఇంకేం కావాలి? ఇంట్లో చేసిన సోడా రొట్టె మాత్రం మహా రుచి, వెన్న రాస్తే నోట్లో కరిగిపోతుంది. నేను లలిత కట్టిచ్చిన ఆవకాయ సీసా తీశాను. డోనల్ చెంచాడు తీసి బంగాళాదుంప మీద వేసుకున్నాడు. వద్దనే లోపే తినేశాడు. ముక్కూ మొహమూ ఎర్రబడ్డాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ "గ్రాండ్" అనే అన్నాడు పాపం. ఐలీన్ నవ్వీ నవ్వీ కుర్చీ పట్టుకుంది.

పడుకోబోయే ముందు ప్రభాకరన్న తుపాకీ తుడుస్తూ కూర్చున్నాడు. "భయంగా ఉందా?" అని అడిగాను. "రోజూ మనుషులను నిద్ర పుచ్చుత. కండ్లు తెరిచేదాంక పక్కన్నే ఉంట. రేపు లేవకుంట నిద్ర పుచ్చాలె. గంతే," అన్నాడు. గంతే అన్నాడు గాని గుడ్డతో తుడిచిన చోటే తుడుస్తున్నాడు.

కొండ మీద, మొదటి ఉదయం

పొద్దున్నే బయల్దేరాం. రాత్రి మంచు పడి కొండంతా తెల్లగా, చదునుగా ఉంది. ఆ చదును చూసే నేను మోసపోయాను. ఇక్కడి వాళ్ళు బాగ్ అంటారు, ఊబి అంటే ఊబి కాదు, చిత్తడి అంటే చిత్తడి కాదు. వేల ఏళ్ళుగా నాచు కుళ్ళి నల్లగా పేరుకుపోయిన నేల, నీళ్ళు తాగి ఉబ్బి ఉంటుంది. పచ్చగా మెరిసే చోట అడుగు వెయ్యకూడదు, పొదలున్న చోట వెయ్యాలి. మంచు కప్పేశాక పచ్చేది, పొదేది? "నా అడుగులో అడుగు వెయ్యండి," అన్నాడు డోనల్ చేతికర్రతో పొడిచి చూస్తూ.

వేస్తూనే ఉన్నాను. ఒకచోట డోనల్ అడుగు నాకు కాస్త దూరమనిపించి మధ్యలో ఇంకో అడుగు వేశాను. తొడ దాకా దిగిపోయాను. ఇద్దరూ చెరో రెక్కా పట్టి లాగితే నేను వచ్చాను, బూటు రాలేదు. డోనల్ బోర్లా పడుకుని చెయ్యి లోపలికి పెట్టి, నల్లటి నీళ్ళతో నిండిన నలభై యూరోల బూటుని బయటికి లాగాడు. ప్రభాకరన్న ఆ ఉదయం నవ్వింది అదొక్కసారే.

జాడలు కనిపించాయి. గొర్రె గిట్ట గుర్తు గుండ్రంగా మొద్దుగా ఉంటుందట. జింకది సన్నగా, రెండు పప్పు బద్దలు పక్కపక్కన పెట్టినట్టుంటుంది. వెనక కాలు సరిగ్గా ముందు కాలు గుర్తులోనే వేస్తుంది. ఆ నడక శుభ్రత చూస్తే ముచ్చటేసింది. ఇంత జాగ్రత్తగా నడిచే జీవం వెనక ముగ్గురు మగాళ్ళం పడ్డామే అని సిగ్గూ వేసింది. దాచుకోవడమెందుకు, రెండూ ఒకేసారి వేశాయి.

చెట్ల అంచున నాలుగైదు ఆడజింకలు ముందు కాళ్ళతో మంచు తవ్వి మేస్తున్నాయి. మేము గట్టు వెనక బోర్లా పడుకున్నాం. డోనల్ దుర్భిణితో చాలాసేపు చూశాడు. పిల్ల ఉన్న తల్లిని కొట్టకూడదు. కుడి చివర ఒంటరిగా ఉన్నదాన్ని చూపించాడు. "దానికి పిల్ల లేదు, డాక్టర్. పక్కకి తిరిగి ఉంది. నీకు సిద్ధమనిపించినప్పుడే."

ప్రభాకరన్న ఊపిరి పీల్చి, సగం వదిలి, ఆపాడు. చెయ్యి వణకలేదు. నేను పక్కనే ఉన్నాను, చూశాను. తుపాకీ పేలిన క్షణంలోనే ఆ జింక ఇంకో గడ్డి పరక కోసం ఒక అడుగు ముందుకేసింది.

అది పడలేదు. వీపు విల్లులా వంచి, ఒక్కసారి కాళ్ళు కూడదీసుకుని, మిగతావాటితో పాటు చెట్ల వెనక్కి మాయమైంది.

"గుండెకి కాదు, వెనక్కి తగిలింది," అన్నాడు డోనల్.

మేము అక్కడికి వెళ్ళి చూస్తే మంచు మీద రక్తం ముదురు రంగులో ఉంది, అందులో పచ్చటి పిప్పి. ప్రభాకరన్న మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అదేమిటో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. "కడుపుల తగిలింది. జల్ది సావది. గంటలు గంటలు పడ్తది," అన్నాడు తెలుగులో, నా వైపు చూడకుండా. తర్వాత లేచి జాడ వెంట పరుగులాంటి నడక మొదలుపెట్టాడు.

డోనల్ ఆయన భుజం పట్టుకుని ఆపాడు. "ఇప్పుడు కాదు. వెంటపడితే పరిగెడుతుంది. వదిలేస్తే దగ్గర్లోనే ఎక్కడో పడుకుంటుంది. నీరసపడుతుంది. అప్పుడు నెమ్మదిగా వెళ్ళి ముగిస్తాం." అని రాయి మీద మంచు తుడిచి కూర్చుని, ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చాడు. అంత బాధలో టీ తాగడమేంటని నాకు ఒళ్ళు మండింది. ప్రభాకరన్న కప్పు పట్టుకున్నాడు గాని తాగలేదు, టీ చేతిలోనే చల్లారిపోయింది.

గట్టు వెనక

మళ్ళీ బయల్దేరి జాడ వెంట వెళ్ళాం. మంచులో అది పడుకుని లేచిన గుంట ఒకటి కనిపించింది, అడుగున రక్తం. కొంత దూరంలో ఇంకో గుంట. నడక శుభ్రత పోయింది, గిట్టలు ఈడ్చుకుంటూ గీతలు పడ్డాయి. మధ్యాహ్నం దాటి వెలుతురు పలచబడుతుండగా డోనల్ చటుక్కున వంగి వేలితో చూపించాడు. పొయ్యిలో కాల్చే పీట్ మట్టి కోసం తవ్విన పాత గట్టు పక్కన గోధుమ రంగు ముద్ద. చెవి కదిలింది.

మేమున్న చోటి నుంచి తల, వీపు మాత్రమే కనిపిస్తున్నాయి, కాల్చడానికి గట్టు అడ్డం. "మేమిద్దరం అటు నుంచి చుట్టి వస్తాం," అన్నాడు డోనల్ నా చెవిలో. "నువ్విక్కడే కూర్చో, శ్రీ. దగ్గొస్తే మింగెయ్." నా పేరు శ్రీధర్. ఆయనకి సగం చాలు.

వాళ్ళిద్దరూ పాక్కుంటూ కనుమరుగయ్యారు. నేను కూర్చున్నాను. జింక తల మెల్లగా మంచు మీదకి వాలిపోయింది. నోరు తెరుచుకుంది. నాలుక బయటికొచ్చింది. అయిపోతోంది, ఇవాళో రేపో కాదు, ఇప్పుడే పోతోందనుకున్నాను.

మా ఇంట్లో ఎవరినీ ఎండిన నోటితో పంపలేదు. తాతయ్యకి నేనే పోశాను తులసి నీళ్ళు. మా నాన్నమ్మకి మనుషులే కాదు, దొడ్లో ఆవుదూడ పోతున్నా, వరండాలో పిచ్చుక పడి కొట్టుకుంటున్నా అదే పని. గబగబా చెంబు తెచ్చి వేలితో చుక్కలు వేసేది. "దాహంతో పోతే ఆ దాహం ఇంక తీరదురా" అనేది. ఆలోచించి చేశానని చెప్పను. చెయ్యి దానంతటదే సంచిలోంచి నీళ్ళ సీసా తీసింది. నేను మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళాను. చెయ్యి చాచి, ఆ నాలుక మీద నీళ్ళు పోశాను.

నీళ్ళు తగిలాయో లేదో, నేల పగిలినట్టు లేచింది. గిట్ట నా ఛాతీకి తగిలి వెనక్కి పడ్డాను. అటు నుంచి ప్రభాకరన్న అరుపు వినిపించింది. "తల దించు! శ్రీధర్, తల దించూ!" ఆయన అప్పటికే గట్టు చుట్టి వచ్చి గురి చూసుకుని ఉన్నాడు. ఇంకొక్క క్షణం ఆగితే అక్కడితో అయిపోయేది. నేను మంచులో లేవబోతూ సరిగ్గా తుపాకీకి ఎదురుగా ఉన్నాను. ఆయన కాల్చలేకపోయాడు. జింక నా మీదుగా దూకి, గట్టు దాటి, అవతల నల్లటి నీళ్ళు నిండిన ఊబి గుంటల మధ్యకి వెళ్ళిపోయింది.

డోనల్ వచ్చి ముందు నా ఛాతీ తడిమి చూశాడు, ఎముక విరిగిందేమోనని. తర్వాత నా చేతిలో ఖాళీ సీసా చూశాడు.

"నీళ్ళు ఇచ్చావా?"

తల ఊపాను.

"ఎవరూ రావడం లేదనుకుంటేనే అది ప్రశాంతంగా పడుకుంటుంది," అన్నాడు. కోప్పడలేదు, అదే ఇంకా బాధ. "నీ చేతిలో నీళ్ళున్నాయని దానికేం తెలుసు? దానికి నువ్వు తోడేలువి."

పొగమంచు దిగింది. ప్రభాకరన్న జాడ వెంట ముందుకు వెళ్ళబోతే డోనల్ కర్ర అడ్డం పెట్టాడు. చీకట్లో ఆ గుంటల్లోకి మనుషులు వెళ్తే జింకతో పాటు మనుషుల్నీ వెతకాల్సి వస్తుందన్నాడు. ప్రభాకరన్న బతిమాలాడు. నేను ఆయన్ని ఎప్పుడూ ఎవరినీ బతిమాలగా చూడలేదు. "ఇంకొక్క పది నిమిషాలు, డోనల్. అది బతికే ఉంది." డోనల్ ఒప్పుకోలేదు. ముగ్గురం వెనక్కి నడిచాం.

పొయ్యి దగ్గర

ఇంటికొచ్చాక కూడా ప్రభాకరన్న నాతో మాట్లాడలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ సాయంత్రం నాకు బాగా అర్థమైంది. ఐలీన్ వచ్చి నా పక్కన కూర్చుని ఏం జరిగిందని అడిగింది. చెప్పాను. మా వాళ్ళ ఆచారమూ చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "మా అమ్మ పోయేటప్పుడు నర్సు చిన్న స్పాంజి తడిపి ఇచ్చింది, పెదాలు తడపమని. నేనూ అదే చేశాను," అంది.

అప్పుడు పలికాడు ప్రభాకరన్న, పొయ్యిలోకే చూస్తూ. "పెదాలు తడపడం వేరు. మనోళ్ళు ఆస్పత్రిల గూడ గిదే చేస్తరు, శ్రీధర్. ఇంటి నుంచి చిన్న సీసల గంగాజలం తెస్తరు. నర్సు అటు పోంగనే నోట్లె పోస్తరు. మింగనీకి శాతకాదు ఆ మనిషికి. అవి ఊపిరితిత్తులల్ల వడ్తయ్. ఆఖరి గడియలల్ల ఉక్కిరిబిక్కిరి అయితరు. కోప్పడుదామంటే కండ్ల నిండ నీళ్ళు పెట్టుకుని నిలవడ్డ కొడుకు. ఏమంటం?"

"నన్ను తిట్టన్నా," అన్నాను.

"మా నాయినకు నేను గూడ పోసిన," అన్నాడు. "డాక్టర్ని అయినంక. అన్నీ తెలిసి." లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. బయట మంచు మళ్ళీ మొదలైంది. నిత్య నుంచి ఫోను వస్తే తియ్యలేదు.

కాకులు చూపించిన చోటు

తెల్లారీ తెల్లారకముందే కొండెక్కాం. కొత్త మంచు పాత జాడల్ని పూడ్చేసింది. అయినా వంగి చూస్తే గిట్టలు పడ్డ చోట్ల చిన్న గుంటల్లాంటివి కనిపిస్తున్నాయి. అవీ ఒకచోట ఆగిపోయాయి. చాలాసేపు తిరిగాం. చివరికి కాకులు కనిపించాయి, ఇక్కడ వాటి వీపు బూడిద రంగులో ఉంటుంది. ఒక గుంట చుట్టూ నేల మీద కూర్చుని ఉన్నాయి. కాకులు ఎగరకుండా అలా కూర్చుని ఉన్నాయంటే, దేనికోసమో ఎదురుచూస్తున్నాయని అర్థమట.

జింక బతికే ఉంది. నడుము దాకా నల్లనీళ్ళలో కూరుకుపోయి, ముందు కాళ్ళు గట్టు మీద పెట్టి ఉంది. వీపు మీద మంచు పేరుకుని ఉంది. ఒంట్లో ఆ మంచును కరిగించేంత వేడి కూడా లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. రాత్రంతా మేము దుప్పట్లు కప్పుకుని పడుకున్నప్పుడు ఇది ఇక్కడ ఇలాగే ఉంది. నేను ఏడ్చాను. డోనల్ ముందరే ఏడ్చాను, సిగ్గుపడలేదు.

ప్రభాకరన్న ఒక్కడే వెళ్ళాడు. దాని కంటికి కనబడకుండా వెనక నుంచి, ఆపరేషన్ గదిలోకి వెళ్తున్నంత నిదానంగా. తుపాకీ చాలా చిన్నగా వినిపించింది, మంచు ఆ శబ్దాన్ని మింగేసింది. తల గట్టు మీద వాలింది. ఆయన తుపాకీ పక్కన పెట్టి, ఆ మెడ మీద చెయ్యి వేసి, నాడి చూశాడు. అలా చాలాసేపు చూస్తూనే ఉన్నాడు.

ముగ్గురం తాడు వేసి లాగాం. నేను జీవితంలో మొదటిసారి చచ్చిన జంతువు కాలు పట్టుకున్నాను. వెంట్రుకలు నేననుకున్నంత మెత్తగా లేవు, గరుకుగా, తడిగా ఉన్నాయి. దారి పొడుగునా ఆ కాలు వదల్లేదు. కాసేపు తను పట్టుకుంటానని డోనల్ అన్నా ఇవ్వలేదు.

పెరట్లో

పెరట్లో కొయ్యకి వేలాడదీసి, డోనల్ చెప్తుంటే ప్రభాకరన్నే కోశాడు. కడుపు వైపు మాంసం పాడైపోయింది, తొడలూ భుజాలూ మిగిలాయి. అవి డోనల్ వాళ్ళనే ఉంచుకోమన్నాడు. ఐలీన్ కాదనలేదు. "వృథా పోనివ్వను," అని మాత్రం అని, పెద్ద గిన్నె తేవడానికి లోపలికి వెళ్ళింది.

అప్పుడు మోగింది ఆయన జేబులో ఫోను. రెండు చేతులూ మోచేతుల దాకా నెత్తురు. "తియ్యి," అన్నాడు. తీసి, స్పీకర్ పెట్టి, ఆయన మొహం ముందు పట్టుకున్నాను.

నిత్య ఎలా ఉన్నావని కూడా అడగలేదు. "డిడ్ ఇట్ నో, డాడ్?" అంది. దానికి తెలిసిందా?

"తెలిసింది బిడ్డా," అన్నాడు ప్రభాకరన్న. "నా బుల్లెట్ సరిగ్గ తగల్లే. నిన్న తగిలింది, ఇయ్యాల పోయింది. రాత్రంత మంచుల ఒక్కతే ఉన్నది. తప్పు నాదే."

ఆయన నా పేరు ఎత్తలేదు. ఎత్తడు కూడా. నేను ఊరుకుంటే ఆ సంగతి ఆ పెరట్లోనే ఉండిపోయేది, నాకు రవ్వంత నష్టం లేదు. కానీ ఫోను పట్టుకున్న చేత్తోనే కదా సీసా పట్టుకున్నాను.

"నిత్యా, నేను శ్రీధర్ అంకుల్‌ని," అన్నాను. ప్రభాకరన్న వద్దని తల అడ్డంగా ఊపాడు. నేను ఆగలేదు. "నిన్న సాయంత్రమే మీ నాన్న దాన్ని ముగించేసేవాడమ్మా. నేను మధ్యలో వెళ్ళి దానికి నీళ్ళు పోశాను. భయపడి లేచి పారిపోయింది. ఆ రాత్రి దానికి నా వల్ల వచ్చింది."

అప్పుడు అడిగింది నిత్య, ఈసారి తెలుగులో, ఒక్కో మాటా వెతుక్కుంటూ. "అంకుల్, దానికి దాహం వేసిందా?"

నోరు తెరవడం చూశాను, నాలుక చూశాను, దాహమని నాకు నేనే అనుకున్నాను. "తెలియదమ్మా," అన్నాను. "ఆ నిమిషంలో నాకు మా నాన్నమ్మే కనబడింది. దాన్ని నేను సరిగ్గా చూడనే లేదు."

ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. తర్వాత మామూలు గొంతుతో, "అమ్మ పప్పు వండుతోంది. ఇద్దరూ వచ్చేయండి. నాన్నా, నేను కిందే ఉంటాను, టేబుల్ దగ్గర," అని పెట్టేసింది.

ప్రభాకరన్న కత్తి కింద పెట్టాడు. చేతులు రెండూ నెత్తురే, కళ్ళు తుడుచుకోలేక అలాగే నిలబడిపోయాడు. నా మఫ్లర్ తీసి నేనే తుడిచాను.